గుండ్లపోచంపల్లి దారిలో రింగుల కబుర్లు

పోచంపల్లి అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది చీర. ఆ తర్వాత భూదానం. 1951లో వినోబా భావే అడగ్గానే వంద ఎకరాల దానం జరిగిందీ, ఇక్కత్ నేతతో దేశమంతా పేరు తెచ్చుకున్నదీ ఆ పోచంపల్లే. అది యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. ఇది వేరే పోచంపల్లి. పేరుకి ముందు ‘గుండ్ల’ అని తగిలించుకుని, సికింద్రాబాద్‌కి ఉత్తరాన, బొల్లారం దాటి మేడ్చల్‌కి వెళ్లే దారిలో రైలు పట్టాల పక్కన ఉంటుంది. ఇక్కడా బట్టలున్నాయి. కాకపోతే మగ్గం మీద నేసేవి కావు, మిషన్ల మీద కుట్టేవి. ఎగుమతుల కోసం పెట్టిన అపెరల్ పార్కు ఈ ఊళ్లోదే.

అయితే వానలు వెనకపట్టు పట్టే రోజుల్లో, సాయంత్రం అయిదు దాటాక ఈ చుట్టుపక్కల టీ బండ్ల దగ్గర నిలబడి చూడండి. చీరల మాట వినిపించదు. క్రికెట్ మాట కూడా కాసేపు పక్కకి తప్పుకుంటుంది. ‘గా పొడుగాయన ఏ బ్రాంచిరా?’ ‘సీఎస్ఈ ఫస్టియర్ అన్నా.’ ‘ప్రాక్టీసుకొస్తుండా మరి?’ ‘రెండ్రోజులొచ్చిండు... మళ్ల వాన పడ్డది.’ ఇదీ వరస! గ్లాసులో టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా కుర్రాళ్లు చర్చించేది తమ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు గురించి. టీవీలో రాని, పేపర్లో రెండు లైన్లకు మించి కనపడని జట్లవి. చాలాసార్లు మొదటి మ్యాచ్‌లోనే ఇంటిముఖం పట్టే జట్లు. అయినా వాటికీ అభిమానులున్నారు, వాళ్లకీ బెంగ ఉంది.

చుట్టూ కాలేజీలే!

ముందు ఈ నేల సంగతి చెప్పుకోవాలి. పేరులోనే గుండ్లున్న ఊరు. ఎటు చూసినా దక్కన్ పీఠభూమి రాతి నేల. ఒకప్పుడు జొన్న చేలూ, చెరువులూ, ద్రాక్ష తోటలూ కనిపించిన ఈ మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతాల్లో 2000 తర్వాత మొలిచిన పంట వేరు. ఇంజినీరింగ్ కాలేజీ! కండ్లకోయలో సీఎంఆర్ వారి కాలేజీలు, మైసమ్మగూడలో మల్లారెడ్డి వారివి, దూలపల్లిలో సెయింట్ మార్టిన్స్, దుండిగల్‌లో ఎమ్మెల్లార్, ఏరోనాటికల్... ఇలా చెప్పుకుంటూ పోతే ఊరికో ప్రాంగణం. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలయ్యాక ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీల సంఖ్య ఏడు వందలు దాటింది. వాటిలో పెద్ద వాటా హైదరాబాద్ చుట్టూ ఉన్న ఇలాంటి ఊళ్లదే.

షామీర్‌పేట వైపు వెళ్తే చదువుల రకం మారుతుంది. 1998లో మొదలైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం అక్కడే. 2008లో వచ్చిన బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణమూ అటువైపే, జవహర్‌నగర్‌లో. ఇటు అల్వాల్‌లో 1976 నాటి లయోలా అకాడమీ. దారిలో హకీంపేటలో రాష్ట్ర క్రీడా పాఠశాల... అక్కడ నాలుగో తరగతిలోనే పిల్లల్ని ఏరి, తెచ్చుకుని, ఆటగాళ్లుగా తీర్చిదిద్దుతారు. దానికి కూతవేటు దూరంలో ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలది మాత్రం పూర్తిగా వేరే కథ. ఇక్కడ ఆటగాణ్ని ఎవరూ ఏరరు. ర్యాంకు ఏరుతుంది!

ఆ మాట దగ్గరే అసలు చిక్కంతా ఉంది.

కౌన్సెలింగ్ తెచ్చిన జట్టు

ఏ జట్టయినా సీజన్ మొదలయ్యేసరికి తన ఆటగాళ్లెవరో తెలుసుకోవాలి కదా. చిన్న కాలేజీ జట్టుకి ఆ అదృష్టం ఉండదు. ఎంసెట్ (ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నారు) కౌన్సెలింగ్ విడతలు విడతలుగా సాగి ముగిసేదాకా ఎవరొస్తారో పీడీ సార్‌కే తెలియదు. స్కూల్లో జిల్లా స్థాయిలో ఆడిన కుర్రాడు ఈ కాలేజీలో చేరతాడా, పక్క కాలేజీకి పోతాడా అన్నది వాడి చేతిలో ఉండదు. ర్యాంకు, బ్రాంచి, ఇంటి నుంచి బస్సు సౌకర్యం... అన్నీ కలిసి తేలుస్తాయి. క్రీడాకారుల కోటా ఉంది. అదీ అర శాతం. అంటే రెండు వందల సీట్లకి ఒకటి. అన్ని ఆటలకీ కలిపి! ఆ ఒక్క సీటు వాలీబాల్ కుర్రాడికి దక్కితే బాస్కెట్‌బాల్ జట్టు చూస్తూ ఊరుకోవాల్సిందే.

ఇంటర్మీడియట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. తొమ్మిదో తరగతి దాకా రింగు కింద గెంతిన పిల్లాడు, ఇంటర్ రెండేళ్లూ కార్పొరేట్ కాలేజీ గదిలో కూర్చుంటాడు. పొద్దున్నుంచి రాత్రిదాకా ఎంపీసీ. ఇంజినీరింగ్‌లో చేరి బంతి పట్టుకునేసరికి చెయ్యి మొద్దుబారి ఉంటుంది. ఎత్తు పెరిగి ఉంటాడు, ఊపిరి తగ్గి ఉంటుంది. మొదటి నెలలో చేసేదల్లా కొత్త ఆట నేర్చుకోవడం కాదు, మరిచిపోయింది గుర్తు తెచ్చుకోవడం.

ఇక వాన. చెప్పొద్దూ, ఈ ఆటకీ మన వానలకీ బొత్తిగా పొత్తు కుదరదు. బాస్కెట్‌బాల్ పుట్టిందే గదిలో ఆడుకోవడానికి. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వైఎంసీఏ శిక్షణ పాఠశాల మాస్టారు జేమ్స్ నెయిస్మిత్ మంచు రోజుల్లో కుర్రాళ్లకి కాలక్షేపంగా ఉంటుందని పీచు పళ్ల బుట్టలు రెండు గోడకి కొట్టించి మొదలుపెట్టిన ఆట ఇది. అలా పైకప్పు కింద పుట్టిన ఆట మన దగ్గరికొచ్చేసరికి సిమెంటు గచ్చు మీదికి, ఆరుబయటికి చేరింది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు, అక్టోబరులో వెనక్కి వెళ్తూ అవి కురిపించే జల్లులు. తడి గచ్చు మీద లేఅప్‌కి లేచినవాడు ఎక్కడ పడతాడో వాడికే తెలియదు. అందుకని మొదటి రోజుల ప్రాక్టీసంటే చాలా చోట్ల ముందు చీపురు పట్టుకుని నీళ్లు నెట్టడమే. ఆ పనిలో కెప్టెనూ, ఫ్రెషరూ అన్న తేడా ఉండదు. అభిమానులు కూడా తలో చెయ్యి వేస్తారు. ‘మా వాళ్లకి డిఫెన్స్ రాదు కానీ నీళ్లు నెట్టడంలో రాష్ట్ర స్థాయి’ అన్నది ఇక్కడి పాత జోకు.

నాలుగేళ్ల చదువు... రెండేళ్ల ఆట

బీటెక్ నాలుగేళ్లు. కాబట్టి ఆటగాడికి నాలుగు సీజన్లుంటాయని ఎవరైనా అనుకుంటారు. టీ బండి దగ్గర ఈ లెక్క చెబితే నవ్వేస్తారు. మొదటి ఏడాది చేరేసరికే ఆలస్యం. సీనియర్లతో పరిచయం, కొత్త సిలబస్, మిడ్స్ భయం... అంతా సర్దుకునేలోపు పోటీలు అయిపోతాయి. నాలుగో ఏడాది ప్లేస్‌మెంట్ల రుతువు. కంపెనీలు క్యాంపస్‌కి వచ్చేదీ సరిగ్గా జట్టు కూడుకునే రోజుల్లోనే. పొద్దున టై కట్టుకుని ఆప్టిట్యూడ్ పరీక్ష రాసినవాడు సాయంత్రం నిక్కరు వేసుకుని వస్తాడా, రాడా అన్నది దేవుడికే తెలియాలి. ఒకవేళ ఉద్యోగం వచ్చిందంటే పార్టీ, రాలేదంటే దిగులు. రెండిట్లో ఏదయినా ఆ రోజు ప్రాక్టీసు లేనట్టే!

ఇక మిగిలినవి రెండేళ్లు. రెండో ఏడాదీ, మూడో ఏడాదీ. చిన్న కాలేజీ జట్టు ఆయుష్షంతా ఈ రెండేళ్లలోనే ఉంది. పాలిటెక్నిక్ చేసి ఈసెట్ ద్వారా నేరుగా రెండో ఏడాదిలో చేరే లాటరల్ ఎంట్రీ కుర్రాళ్లు జట్టుకి అనుకోని వరం. వాళ్లు డిప్లొమా మూడేళ్లూ అంతో ఇంతో ఆడి వస్తారు. ‘మనకి ఈసారి పాలిటెక్నిక్ బ్యాచ్ దిగింది’ అని ఎవరైనా అంటే వెంటనే పక్క బెంచీ మీదున్నవాళ్లు కూడా చెవులు రిక్కిస్తారు.

దీనికి తోడు హాజరు. జేఎన్‌టీయూ నిబంధన ప్రకారం 75 శాతం ఉండాలి. అనారోగ్యం లాంటి కారణాలు చూపిస్తే మరో పది శాతం దాకా సడలింపు. అంతకంటే తగ్గితే డిటెన్షన్. ఆడటానికి వెళ్లిన రోజులకి హాజరు వేయించుకోవాలంటే ఉత్తరం పట్టుకుని పీడీ సార్ దగ్గర మొదలుపెట్టి విభాగాధిపతి గది దాకా తిరగాలి. ‘మావాడు కోర్టులో కంటే కారిడార్లోనే ఎక్కువ డ్రిబ్లింగ్ చేస్తాడు’ అని చెప్పుకుని నవ్వుకుంటారు. నవ్వులాటకే అయినా అందులో నిజం ఉంది. సప్లీలు ఎక్కువైన ఆటగాడికి ఇంటి నుంచి ఫోనొస్తుంది. ఆ ఫోను తర్వాత చాలామంది షూలు అటక మీదికెక్కుతాయి.

చెరో అయిదుగురు, చుట్టూ యాభైమంది

ఇంతకీ అభిమానులెవరు? హాస్టల్ కుర్రాళ్లు, డేస్కాలర్లలో కాలేజీ బస్సు తప్పించుకున్నవాళ్లు, ఆడదామని వచ్చి జట్టులో చోటు దొరకనివాళ్లు, పాసై నగరంలో ఉద్యోగం చేస్తూ శనివారం కోర్టు వైపు వచ్చే పాత ఆటగాళ్లు. ఈ చివరి రకం వాళ్ల మాటకి విలువెక్కువ. ‘మా బ్యాచ్‌లో అయితే...’ అని వాళ్లు మొదలుపెడితే మిగతావాళ్లు గ్లాసులు దించాల్సిందే. అయితే పాత బ్యాచ్ గొప్పతనం ఏడాదికేడాది పెరుగుతూ ఉంటుంది. ఆరు పాయింట్ల తేడాతో ఓడిన మ్యాచ్ మూడేళ్లు తిరిగేసరికి రెండు పాయింట్లకి దిగుతుంది. అయిదేళ్లకి రిఫరీ తప్పిదమవుతుంది!

వాళ్ల విశ్లేషణలు మాత్రం ఆషామాషీగా ఉండవు. సీజన్ మొదట్లో ఓడిపోయే జట్లు దాదాపు ఒకే రకంగా ఓడిపోతాయని వాళ్లకి తెలుసు. మొదటి క్వార్టర్లో ఊపు మీద ఉంటారు. పది నిమిషాల ఆట, సరిసమానంగా నడుస్తుంది. రెండో క్వార్టరుకి దమ్ము తగ్గుతుంది. కాళ్లు కదలనప్పుడు చేతులు కదుల్తాయి, ఫౌళ్లు పడతాయి. ఒక క్వార్టర్లో జట్టు ఫౌళ్లు నాలుగు దాటితే ఆ తర్వాత ప్రతి ఫౌల్‌కీ ఎదుటి జట్టుకి రెండు ఫ్రీత్రోలు. ఒక ఆటగాడికి అయిదు ఫౌళ్లయితే బయటికి నడవాలి. పెద్ద జట్టయితే బెంచీ మీద ఉన్న ఏడుగురిలో ఎవర్ని దింపినా పని నడుస్తుంది. చిన్న కాలేజీకి ఆరో ఆటగాడంటే నిన్నటిదాకా స్కోరు రాసినవాడే! అందుకే మూడో క్వార్టరు మధ్యలో పాయింట్ గార్డుకి నాలుగో ఫౌల్ పడగానే చుట్టూ ఉన్నవాళ్లు నిశ్శబ్దమైపోతారు. స్కోరు బోర్డు చూడక్కర్లేదు, ఆ నిశ్శబ్దం చాలు.

ఇంకో సంగతి... బంతి చేతికొచ్చాక ఇరవై నాలుగు సెకన్లలో రింగు వైపు వెయ్యాలి. కలిసి నెల రోజులు ఆడిన అయిదుగురికి ఇరవై నాలుగు సెకన్లంటే బోలెడు. పది రోజులే ఆడినవాళ్లకి బంతి ఎవరికివ్వాలో తేల్చుకునేలోపే అయిపోతాయి. చివరికి ఎవడో ఒకడు దూరం నుంచి విసురుతాడు. మూడు పాయింట్ల గీత 6.25 మీటర్ల నుంచి 6.75 మీటర్లకి జరిగింది 2010లో. ఆ అర మీటరే చాలా జట్ల కొంప ముంచిందన్నది సీనియర్ల వాదన.

ఓడటానికి కూడా వ్యవధి కావాలి

అమెరికాలో చిన్న కాలేజీల కోసం ప్రత్యేకంగా ఒక విభాగముంది. ఎన్‌సీఏఏ మూడో డివిజన్. 1973లో ఏర్పడిన ఈ విభాగంలో నాలుగు వందలకు పైగా కాలేజీలున్నాయి. ఆట కోసం ఇక్కడ ఉపకార వేతనాలివ్వరు. చదువుకోవడానికి వచ్చినవాళ్లే ఆడతారు. ఆ మాటకొస్తే మన మైసమ్మగూడ, కండ్లకోయ కుర్రాళ్లకి వాళ్లు దూరపు చుట్టాలే. తేడా ఎక్కడంటే వాళ్లకి నవంబరులో సీజన్ మొదలైతే రెగ్యులర్ మ్యాచ్‌లే పాతిక దాకా ఉంటాయి. మొదటి నాలుగు ఓడినా ఫిబ్రవరికల్లా కోలుకోవచ్చు. నవంబరులో చేసిన తప్పు జనవరిలో దిద్దుకోవచ్చు.

అయోవాలోని గ్రినెల్ కాలేజీ ఆటగాడు జాక్ టేలర్ కథ అందుకు ఉదాహరణ. 2012 నవంబరులో సీజన్ మొదటి మ్యాచ్‌లలో అతని గురి ఏమంత కుదరలేదు. నవంబరు 20న తర్వాతి మ్యాచ్‌లో ఏకంగా 108 సార్లు రింగు వైపు విసిరి, ఒక్కడే 138 పాయింట్లు కొట్టాడు. కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అది రికార్డు. ఒక వారం బాగా లేకపోతే మరో వారం ఉంది మరి!

ఇక్కడ ఆ మరో వారమే లేదు. అంతర కళాశాలల పోటీలు ఎక్కువగా నాకౌట్ పద్ధతిలో సాగుతాయి. పొద్దున ఓడితే మధ్యాహ్నానికి బస్సెక్కడమే. నెలన్నర పాటు నీళ్లు నెట్టి, హాజరు కోసం తిరిగి, షూలు అప్పు తెచ్చుకుని సిద్ధమైన జట్టు సీజన్ నలభై నిమిషాల్లో ముగిసిపోవచ్చు. గెలిచిన కాలేజీల్లోంచి, పోటీల్లో మెరిసిన కుర్రాళ్లలోంచి యూనివర్సిటీ జట్టుని ఎంపిక చేస్తారు. ఆ జట్టు సౌత్ జోన్‌కి, అక్కడ నెగ్గితే అఖిల భారత పోటీలకి వెళ్తుంది. ఓడిన జట్టులో ఎంత మంచి ఆటగాడున్నా ఎంపిక చేసేవాళ్ల కంట పడటానికి దొరికేది ఆ నలభై నిమిషాలే.

అందుకే ఈ కుర్రాళ్లు వేరే దారులు వెతుక్కుంటారు. బిట్స్‌లో ఏటా జరిగే ‘అరీనా’ లాంటి క్రీడోత్సవాలు, వైఎంసీఏ టోర్నమెంట్లు, పక్క కాలేజీ వాళ్లతో మాట్లాడుకుని ఆదివారం పెట్టుకునే స్నేహపూర్వక మ్యాచ్‌లు... ఎక్కడ నాలుగు మ్యాచ్‌లు దొరికితే అక్కడికి. ఓడినా ఫర్వాలేదు, ఆడటానికి దొరకాలి. ముగ్గురేసి చొప్పున ఒకే రింగు మీద ఆడే త్రీ ఆన్ త్రీ కూడా చిన్న జట్లకి బాగా అచ్చొచ్చింది. పది నిమిషాల ఆట, సగం కోర్టు చాలు, ఒక అదనపు ఆటగాడితో కలిపి నలుగురుంటే జట్టయిపోతుంది. 2018 సెప్టెంబరులో ఫిబా త్రీ ఆన్ త్రీ ప్రపంచ టూర్ పోటీ హైదరాబాద్‌కే వచ్చింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఆ ఆట అడుగుపెట్టింది.

మూడు వందల పది ఓటములు

ఇంజినీరింగ్ చదివేవాళ్లకి ఆటలేం వస్తాయిలే అని దెప్పిపొడిచేవాళ్లకి చెప్పాల్సిన కథ ఒకటుంది. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ పేరు వినని ఇంజినీరింగ్ విద్యార్థి ఉండడు. నోబెల్ బహుమతులు డజన్ల కొద్దీ మూటగట్టుకున్న సంస్థ. అదీ మూడో డివిజన్ కాలేజీయే. దాని పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు 1996 నుంచి ఎన్‌సీఏఏ జట్ల చేతిలో వరసగా 207 మ్యాచ్‌లు ఓడింది. 2007 జనవరి 6న బార్డ్ కాలేజీని 81-52 తేడాతో ఓడించి ఆ గొలుసు తెంచింది. తమ సొంత కాన్ఫరెన్స్‌లో అయితే 1985 నుంచి గెలుపన్నదే లేదు. 310 ఓటములు. ఇరవై ఆరేళ్లు! మొదట్లో ఓడినవాళ్ల పిల్లలు కాలేజీ వయసుకొచ్చేంత కాలం. చివరికి 2011 ఫిబ్రవరి 22న ఆక్సిడెంటల్ కాలేజీ మీద 46-45తో నెగ్గింది. ఒక్క పాయింటు. అదీ మూడు సెకన్ల చిల్లర మిగిలుండగా వేసిన ఫ్రీత్రోతో. ఆ రాత్రి కాల్‌టెక్ విద్యార్థులు కోర్టు మీదికి దూకారు.

ఆ ఇరవై ఆరేళ్లలో ప్రతి ఏడూ అక్కడ ప్రాక్టీసు జరిగింది. ప్రతి ఏడూ ఎవరో ఒక కొత్త కుర్రాడు ‘ఈసారి చూడండి’ అన్నాడు. జట్టుని మూసెయ్యలేదు, కోర్టుని తవ్వెయ్యలేదు. ఓడటం కంటే ఆడకపోవడం పెద్ద నష్టమని వాళ్లకి తెలుసు.

అన్నట్టు, ఈ ఆట కనిపెట్టిన నెయిస్మిత్ కూడా గెలుపోటముల లెక్కలో ఓడినవాడే. కాన్సస్ విశ్వవిద్యాలయ జట్టుకి తొలి శిక్షకుడాయన. ఆయన హయాంలో ఆ జట్టు 55 గెలిచి, 60 ఓడింది. ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో గెలుపుల కంటే ఓటములెక్కువున్న శిక్షకుడు ఆయనొక్కడే. 1891లో ఆడిన తొలి మ్యాచ్‌లో రెండు జట్లూ కలిపి బుట్టలో వేసింది ఒకే ఒక్కసారి. స్కోరు 1-0. ప్రపంచంలో అంతకంటే తడబడుతూ మొదలైన సీజన్ ఇంకోటి ఉంటుందా!

మారుతున్న గీతలు

ఇక్కడి జట్ల చుట్టూ గీతలు కూడా మారుతూ వస్తున్నాయి. 1972లో పుట్టిన జేఎన్‌టీయూ 2008లో విడిపోయింది. హైదరాబాద్, కాకినాడ, అనంతపురం జట్లు ఎవరివి వాళ్లవయ్యాయి. 2018లో రాష్ట్రంలో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం వచ్చింది. 2020లో బహదూర్‌పల్లిలో మహీంద్రా, మైసమ్మగూడలో మల్లారెడ్డి విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. విశ్వవిద్యాలయం అయితే సొంత జట్టుని నేరుగా సౌత్ జోన్‌కి పంపుకోవచ్చు. వినడానికి బాగానే ఉంది. కానీ నిన్నటిదాకా పక్క వీధి కాలేజీతో తలపడినవాళ్లు హఠాత్తుగా తమిళనాడు, కేరళ జట్ల ముందు నిలబడాలి. అక్కడ ఈ ఆటకి స్కూలు నుంచే పునాది ఉంది. మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల 1920లోనే మొదలైంది. నూరేళ్ల తేడా నెల రోజుల ప్రాక్టీసుతో పూడుతుందా?

ఊరు గీతలూ మారుతున్నాయి. గుండ్లపోచంపల్లి 2018లో పురపాలక సంఘమైంది. 2025 చివర్లో చుట్టుపక్కల పట్టణాలతో పాటు గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు కండ్లకోయ దగ్గర నాగపూర్ రహదారిని దాటుతుంది. రింగంటే ఇక్కడ చాలామందికి ఆ రోడ్డే! భూమి ధర పెరిగే కొద్దీ చదునైన జాగా మీద అందరి కన్నూ పడుతుంది. బాస్కెట్‌బాల్ కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15. అంటే 420 చదరపు మీటర్లు. గజాల్లో చెప్పుకుంటే అయిదు వందలకు రెండు మూడు గజాలు ఎక్కువ. ఈ రోడ్డు మీద అయిదు వందల గజాలంటే ఎంతో ఇక్కడి కుర్రాళ్లకీ తెలుసు. కోర్టు పోవడానికి ఎవరూ పగబట్టక్కర్లేదు. కొత్త బ్లాకు కట్టాలన్నా, బస్సులు నిలపాలన్నా ముందు కనిపించే జాగా అదే. రింగు వంగితే బాగుచేయించే నాథుడు లేకపోతే ఏడాదిలో వలపోతుంది, రెండేళ్లలో బోర్డు పోతుంది, మూడో ఏడు అక్కడో కోర్టుండేదని చెప్పేవాడు కూడా పాసై వెళ్లిపోతాడు.

టీ బండి దగ్గరి బెంగ అసలు ఇదీ. మొదటి మ్యాచ్ ఓడిపోవడం కాదు. వరసగా రెండు మూడేళ్లు మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోతే, ‘ఈ జట్టెందుకు, ఈ ఖర్చెందుకు’ అని పైనెవరో అంటారేమోనని. రెండేళ్లకోసారి ఆటగాళ్లంతా మారిపోయే చోట జట్టుని నిలబెట్టేది జ్ఞాపకమే. ఆ జ్ఞాపకాన్ని మోసేది ఆటగాళ్లు కాదు, చుట్టూ నిలబడి మాట్లాడుకునేవాళ్లు. ఫలానా ఏడాది ఫలానా కుర్రాడు ఎడమ చేత్తో వేశాడని చెప్పుకునేవాళ్లున్నంత కాలం, వచ్చే ఏడు చేరబోయే ఫ్రెషర్‌కి అక్కడో జట్టుందని తెలుస్తుంది.

చూడాలంటే...

సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వైపు ఎంఎంటీఎస్ రైళ్లు 2023 ఏప్రిల్ 8న మొదలయ్యాయి. మల్కాజ్‌గిరి, సఫిల్‌గూడ, అమ్ముగూడ, అల్వాల్ మీదుగా సాగుతుందీ దారి. నిజాం కాలంలో గోదావరి లోయ కోసం వేసిన మార్గం ఇది. బొల్లారం దాటాక కిటికీలోంచి గుండ్లు కనిపించడం మొదలైతే గుండ్లపోచంపల్లి వచ్చేసినట్టే. రైళ్లు తక్కువ, వేళ చూసుకుని బయల్దేరాలి. బస్సయితే సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వెళ్లే 229 ఎక్కి కండ్లకోయలో దిగొచ్చు. దారిలో బొల్లారంలో రాష్ట్రపతి నిలయం, కండ్లకోయలో ఆక్సిజన్ పార్కు, కాస్త ఓపికుంటే షామీర్‌పేట చెరువు... ఒక రోజు సరిపోతుంది.

సాయంత్రానికి మాత్రం ఏదో ఒక కాలేజీ దగ్గరి టీ బండికి చేరుకోండి. వాన వెలిసి, గచ్చు ఆరి, లోపలి నుంచి బంతి చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. దఢ్... దఢ్... మధ్యలో రింగుకి తగిలి తిరిగొచ్చిన మోత. బండి దగ్గరున్నవాళ్లు చూడకుండానే చెప్పేస్తారు, ‘పడలేదు’ అని. ఆ వెంటనే మళ్లీ దఢ్ దఢ్ మంటూ బంతి. ఎవడో పొడుగాటి ఫస్టియర్ కుర్రాడు చీకటి పడినా ఇంటికి పోకుండా ఫ్రీత్రోలు వేస్తున్నాడన్నమాట. ఇంకో టీ చెప్పి, అందరూ ఆ చప్పుడే వింటూ ఉంటారు.